వంతు చామంతిది

మా డ్రిల్లు సారు పోయారని అమ్మ ఫోన్ చేసేసరికి నేను ఆఫీసు క్యాంటీన్‌లో టోకెన్ పట్టుకుని వరసలో ఉన్నాను. "పొద్దున టీ తాగి, కుర్చీలో కూర్చునే పోయారంట. హాస్పిటల్ నుంచి వచ్చి నాలుగు రోజులు కూడా కాలేదు" అంది. నాకు ముందు చిరాకే వచ్చింది. ఏడుపు ఆ తర్వాత, చెయ్యి కడుక్కునే చోట వచ్చింది. చివరిసారి కలిసినప్పుడు ఆయన మీద విసుక్కున్నాను. ఆ మాట వెనక్కి తీసుకునే వీలు లేకుండా వెళ్లిపోయారు. ఎదుటివాడికి బదులు చెప్పుకునే సందివ్వాలని నాకు నేర్పిన మనిషి చేయాల్సిన పనేనా అది?

ఇబ్రహీంపట్నంలో మా ఎదురిల్లే ఆయనది. ప్రభుత్వ హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు తాలిం గోదాలో కుస్తీ నేర్చుకున్నారట. తర్వాత చుట్టుపక్కల జాతరల్లో కుస్తీ పోటీలకు ఆయనే తీర్పరి. మాది గుంటూరు వైపు. నాన్న ఉద్యోగం కోసం ఇటొచ్చి స్థిరపడ్డాం. నేను శేరిగూడలో ఇంజనీరింగ్ చదివేదాన్ని. అప్పట్లో ఊరి చుట్టూ పొలాల్లో పంటకంటే ప్లాట్ల తెల్లరాళ్లే ఎక్కువ కనిపించేవి. ఎవరిని కదిపినా భూముల ధరలే మాట్లాడేవారు. సారు మాత్రం కత్తిపోట్ల గురించి మాట్లాడేవారు. అందుకు కారణం నేనే.

అప్పుడు ఇంటర్నెట్‌లో ఒక సైటు ఉండేది. తెలుగువాళ్లమే, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్లం. అందులో ఒక్కొక్కరం ఒక్కో పాత్రను తయారుచేసుకుని, ఎదురెదురుగా పోరాటాలు రాసేవాళ్లం. నేను ఒక దెబ్బ రాస్తాను, అవతలివాళ్లు దానికి బదులు రాస్తారు, మళ్లీ నా వంతు. బొమ్మలుండవు, మాటలే. నా పాత్ర పేరు చామంతి. పొట్టి పిల్ల, నడుముకు చిన్న కత్తి. ఇంటర్ మొదటి సంవత్సరంలో పుట్టించాను. మా ఇంట్లో అల్లుళ్ల గురించి మాట్లాడుకునే సమయంలో నేను చామంతికి కొత్త పట్లు ఆలోచించేదాన్ని.

నాన్నను కలవడానికి వచ్చిన సారు ఒకరోజు నా వెనక నిలబడి కంప్యూటర్ తెర మీది పోరాటం మొత్తం చదివారు. నేను అప్పుడే గొప్పగా ఒక వంతు రాశాను: చామంతి గాల్లోకి ఎగిరి శత్రువు దవడ పగలగొట్టింది, వాడు మూడు పల్టీలు కొట్టి గోడకు గుద్దుకున్నాడు అని.

"వాడు పడ్డడని నీకెవరు చెప్పిన్రు?" అన్నారు.

"నేనే రాశాను కదండీ సార్."

"గదే అడుగుతున్న. నీ చెయ్యి నీది బిడ్డా, వాని దవడ వానిది. దెబ్బ నువ్వియ్యి. తగిలిందో లేదో వాడు చెప్తడు."

"వాడు తప్పించుకున్నాననే రాస్తాడు సార్, ఎవడైనా."

"గట్ల రాసేటోనితోటి ఎందుకు ఆడుతున్నవ్ మరి?"

మర్నాడే ఆయన బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కు వెళ్లి సైటులో చేరిపోయారు. ఒంటి వేలితో కొట్టేవారు. ఒక వాక్యానికి పావుగంట. అయినా రెండు నెలలు తిరక్కముందే అందరూ కలిసి ఆయన్ను తీర్పరిని చేశారు. నా ప్రాణసంకటం అక్కడి నుంచి మొదలైంది.

ఆయన తీర్పరి అయ్యాక ఒక్క పోరాటం సాఫీగా సాగితే ఒట్టు. ప్రతి నాలుగు వంతులకూ ఆపేవారు. నీ ఎడమ కాలు ఎక్కడుంది? అంత దగ్గరగా నిలబడ్డప్పుడు పొడుగు కత్తి ఎట్లా తిప్పావు, వాడి ముక్కు నీ ముక్కుకు తగులుతుంటే? ఒక్క వంతులో మూడు దెబ్బలు రాశావు, అవతలివాడు అంతసేపు ఏం చేస్తున్నాడు, బీడీ తాగుతున్నాడా? ఇరవై వంతులు కొట్టుకున్నారు, ఒక్కరికీ ఆయాసం రాలేదేం? పోరాటం రాద్దామని కూర్చుంటే కొలతలు తీసే దర్జీ దగ్గర ఇరుక్కున్నట్టుండేది. నాలాంటివాళ్లు పళ్లు నూరుకునేవాళ్లు. కానీ ఎవరూ సైటు వదిలి పోలేదు. ఆయన తీర్పు చెప్పిన పోరాటాల్లో ఓడినా పరువు దక్కేది.

గాయాలకు ఆయన దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది. ఎవరికి ఎక్కడ దెబ్బ తగిలింది, ఎన్ని వంతుల దాకా కుంటాలి, అన్నీ అందులో. పాల ప్యాకెట్ తేవడానికి వెళ్తూ మా గేటు దగ్గర ఆగి, "చామంతికి మోకాలు ఎట్లున్నది?" అని అమ్మను అడిగేవారు. అమ్మకు చామంతి ఎవరో తెలియదు. పెద్దాయన అడుగుతున్నారు కదాని "పర్వాలేదండి, తగ్గింది" అనేది. ఒకసారి అలా అనగానే సారు నెట్ సెంటర్‌కు పోయి చామంతి మోకాలు నయమైందని రాసేశారు. అవతలివాళ్లు గొడవ చేస్తే, "వాళ్ల అమ్మ చెప్పింది" అన్నారు.

అన్నిటికన్నా సారు భార్యను చూస్తే జాలేసేది. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఏ పట్టు మీద తగాదా వచ్చినా సారు నన్ను వాళ్ల వాకిట్లోకి పిలిచి, పెద్దమ్మను ఎదుటి పాత్రగా నా ముందు నిలబెట్టేవారు. "ఇప్పుడు నువ్వు సేనాపతివి. దీని చెయ్యి పట్టుకో" అనేవారు. ఆమె చేటలో బియ్యం పక్కనపెట్టి వచ్చి నా చెయ్యి పట్టుకునేది. "జర జల్ది సంపుండ్రి. అన్నం వండాలె" అనేది. సారు మా చుట్టూ తిరుగుతూ కాళ్లు చూసేవారు, మోచేతులు చూసేవారు. ఒకసారి పెద్దమ్మ అలా పట్టుకుని నిలబడి ఉండగానే పక్కింటావిడతో కూరగాయల ధరలు మాట్లాడేసింది.

ఇక నేను చెప్పాల్సింది ఆ చివరి పోరాటం గురించి.

థర్డ్ ఇయర్‌లో చామంతికి గండన్న అనేవాడితో పోటీ పడింది. గండన్న ఏడడుగుల మనిషి. రాసేది హయత్‌నగర్‌లో ఎవరో, నేనెప్పుడూ చూడలేదు. ఆ పోటీకి ఒక షరతు ఉంది. ఓడిన పాత్ర చచ్చినట్టే, మళ్లీ దాన్ని ఎవరూ రాయకూడదు. మూడు వారాలు సాగింది. అవతలివాడు ఎంత న్యాయంగా రాసేవాడంటే, నా దెబ్బలు సగం తనే ఒప్పుకునేవాడు. చివరకు గండన్న వంగి చామంతి కుడి మణికట్టు దొరకబుచ్చుకుని తన చంకలో నొక్కిపెట్టాడు. నా వంతు. చామంతి నడుము నుంచి కత్తి లాగి గండన్న గొంతుకు ఒక్క వేలెడు దూరంలో పెట్టిందని రాసి, అక్కడ ఆపాను. సారు నేర్పినట్టే, మిగతాది వాడికి వదిలేశాను.

సారు తీర్పు రాశారు. చెయ్యి వాని చంకలో ఉన్నది, కత్తి ఎట్ల లాగింది? ఈ వంతు చెల్లదు.

వంతు పోయింది. తర్వాతి వంతులో గండన్న కానిచ్చాడు. చామంతి చచ్చిపోయింది.

చామంతిది ఎడమ చేతివాటం. నాదీ అంతే. ఆ సంగతి చామంతి పరిచయంలో మొదటి పేజీలోనే రాసి ఉంది. కత్తి కుడివైపు వేలాడుతుంది, ఎడమ చేత్తో లాగుతుంది. అందరి కాళ్లూ చేతులూ లెక్కపెట్టే ఈయన, ఎదురింటి పిల్ల ఏ చేత్తో రాస్తుందో చూడలేదు. ఒక్క మాట చెబితే సరిపోయేది. రోడ్డు దాటి వెళ్లి "సార్, ఎడమ చెయ్యి" అంటే చాలు. నేను చెప్పలేదు. ఆయనకే తెలియాలి, చెబితే తెలుసుకోవడం గొప్పా అని బిగదీసుకుని కూర్చున్నాను. నాలుగేళ్లు పెంచిన పిల్ల పోయినట్టు రెండు రోజులు అన్నం తినలేదు. సైటులోకి మళ్లీ అడుగు పెట్టనని ఒట్టేసుకున్నాను. సారు కనిపిస్తే నమస్కారం పెట్టి పక్కకు తప్పుకునేదాన్ని.

ఓ నెల తర్వాత ఆయనే మా గేటు దగ్గరికి వచ్చారు. "లోపటికి పోయి చూసినవా బిడ్డా?" అన్నారు. సైటును ఆయన "లోపల" అనేవారు. మళ్లీ ఆడమని బతిమాలుతున్నారనుకున్నాను. "చదువుకోవాలి సార్" అన్నాను. అప్పటి నుంచి ఎప్పుడు కనిపించినా అదే ప్రశ్న. నాకు ఉద్యోగం వచ్చి స్వీటు ఇవ్వడానికి వెళ్తే, "మంచిగున్నది. లోపటికి పోయి చూసినవా?" పెళ్లిలో అక్షింతలు వేస్తూ వంగి నా చెవిలో, "చూసినవా?" మా ఆయన ఏమిటని అడిగితే, సారుకు కొంచెం చాదస్తం అన్నాను.

పోయిన నెల ఆసుపత్రిలో పెట్టారంటే చూడ్డానికి వెళ్లాను. ముక్కుకు ఆక్సిజన్ మాస్కు. పెద్దమ్మ కాళ్లు ఒత్తుతోంది. నన్ను చూడగానే మాస్కు పక్కకు లాగి, "లోపటికి..." అన్నారు.

"సార్, నేను అది మానేసి ఆరేళ్లయింది. ఇంకా ఎందుకండీ, వదిలేయండి" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది. పక్క మంచంవాళ్లు చూశారు. సారు మాస్కు సర్దుకుని గోడవైపు తిరిగారు. నేను ఆయనతో మాట్లాడిన ఆఖరి మాట "వదిలేయండి".

దినాలకు వెళ్లాను. భోజనాల దగ్గర బక్కపలచటి మనిషొకడు, కళ్లద్దాలు, జేబులో రెండు పెన్నులు, నా ముందుకొచ్చి తటపటాయించాడు. హయత్‌నగర్ డిపోలో కండక్టర్‌నని చెప్పాడు. "అక్కా, మీరు చామంతి కదా. నేను గండన్నను."

ఏడడుగుల గండన్న నా భుజం దాకా వచ్చాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మీ వంతు కోసం ఆరేళ్ల సంది ఆగిన అక్కా" అన్నాడు. "మీకు ఇష్టం లేదేమో అనుకున్న."

"నా వంతేమిటండీ? నేను చచ్చిపోయానుగా."

అతను జేబులోంచి ఫోన్ తీసి సైటు తెరిచి నా చేతికిచ్చాడు. ఎవరూ రాని సైటు, ఇంకా బతికే ఉంది. సారు తీర్పు కింద, ఒక నెల తర్వాతి తారీఖుతో, సారు రాసిన మాటలున్నాయి.

"తీర్పు తప్పు. తప్పు నాది. పొద్దున ఎదురింటి పిల్ల ఎడమ చేతితోటి ముగ్గు వేస్తుంటే చూసిన. చామంతిది గూడ ఎడమ చెయ్యే. మొదటి పేజిల ఉన్నది. చదివి మరిచిన. చామంతి సచ్చిపోలేదు. కత్తి గొంతుకాడనే ఉన్నది. గండన్న జవాబు చెప్పాలె."

దాని కింద గండన్న జవాబు. మెడ తిప్పుకున్నాడు, కానీ కత్తి భుజంలో దిగింది. పట్టు వదిలి ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు. ఇంత నిజాయితీగా దెబ్బ ఒప్పుకున్న మనిషి మీద కూడా ఆరేళ్లు కోపం పెట్టుకున్నాను.

దాని కింద సారు: "వంతు చామంతిది."

రెండు నెలల తర్వాత మళ్లీ: "వంతు చామంతిది." వేలితో పైకి తోస్తుంటే అదే మాట. నా ఉద్యోగం, నా పెళ్లి, అన్నీ ఆ తారీఖుల మధ్య ఎక్కడో ఉన్నాయి. ఆఖరిది ఆసుపత్రికి వెళ్లే ముందు రోజుది.

"నాకు చెప్పొచ్చుగా ఈయన" అన్నాను. "ఎదురిల్లు కదండీ. చూశావా చూశావా అని అడిగే బదులు, తప్పు నాదమ్మా అంటే అయిపోయేది కదా."

"నేను గట్లనే అడిగిన అక్కా. తీర్పు నలుగుట్ల చెప్పి, తప్పు గేటుకాడ చెవుల చెప్తే అది మాఫీ గాదు అన్నడు. నన్ను గూడ చెప్పొద్దన్నడు. పిల్లనే అచ్చి చదవాలె అన్నడు."

మొండి మనిషి. నాకంటే మొండి. ఆయన మీద కోపంతో అక్కడే, అరటాకుల మధ్య నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఇద్దరం రోడ్డుకు చెరోవైపు కూర్చుని, ఆయనకే తెలియాలని నేను, నేనే చదవాలని ఆయన, ఆరేళ్లు పాడుచేసుకున్నాం. ఇప్పుడు ఎవరిని తిట్టుకోను?

పెద్దమ్మ అందరికీ మజ్జిగ పోస్తూ వచ్చింది. నా చేతిలో ఫోన్ చూసి, కండక్టర్ వైపు చూసి, "గండన్న ఈయనేనా?" అంది. అవునన్నాం. గిన్నె గట్టు మీద పెట్టి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మరి రాస్తవా, ఏడుస్తనే ఉంటవా?"

"రాస్తాను పెద్దమ్మా. మెడకే వేస్తాను" అన్నాను.

"మెడకు యాడ అందుతది? గప్పుడు వాడు వంగి పట్టుకున్నడు. ఇప్పుడు ఇడిసిపెట్టి నిటారుగ నిలవడ్డడు." వంట చేయాలని విసుక్కుంటూ నిలబడిన మనిషికి ప్రతి పట్టూ గుర్తుంది. వరండాలోంచి ప్లాస్టిక్ స్టూలు ఈడ్చుకొచ్చి వాకిట్లో వేసింది. "ఎక్కు బాబూ, నువ్వు ఏడడుగులుండాలె" అంది కండక్టర్‌తో.

భోజనాలకొచ్చినవాళ్లు చేతులు కడుక్కోవడం ఆపి చూస్తున్నారు. అతను చెప్పులు విడిచి స్టూలెక్కాడు. కత్తి దిగిన భుజాన్ని కుడి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ నా చుట్టూ ఒకసారి తిరిగి, నా కాళ్లు చూసి, ఎడమ కాలిని తన కాలితో కాస్త ముందుకు జరిపింది. నేను ఎడమ చెయ్యి చాచాను. అతని చొక్కా జేబు దాకా వచ్చింది, అంతే. స్టూలు మీది మనిషి ఊపిరి బిగబట్టి, కదలకుండా నా వైపే చూస్తున్నాడు.