అర్జీలో పట్టని మాటలు

కరెంటాఫీసు గేటు పక్కన గొడుగు కింద బల్లేసుకుని అర్జీలు రాసే ఆయనకి ఇరవై రెండేళ్ల అనుభవం. చెయ్యి తిరిగినవాడు. ఎవరెంత గోల పెట్టినా ఎనిమిది లైన్లలో తేల్చేస్తాడు. "విషయానికి రండి" అన్నది ఆయన ఊతపదం. అందుకే జనం ఆయన్ని 'విషయం గారు' అంటారు, చాటుగానూ, మొహమ్మీదా.

ఈ విషయం గారు మూడేళ్లుగా కథలు రాస్తున్నాడు. అవి బాగుండవు. మొహమాటం దేనికి, బాగుండవంతే. వినేది భార్య ఒక్కతే.

"ఏవండీ, ఇందులో పెళ్లాం మొగుడితో మాట్లాడుతోందా, అర్జీ పెట్టుకుంటోందా?" అంది ఆరో కథ విని. "'మీరు త్వరగా ఇంటికి రావలసిందిగా కోరుచున్నాను' అని ఏ పెళ్లామైనా అంటుందా? నేనెప్పుడైనా అన్నానా?"

"నువ్వు అనవు, అరుస్తావు."

"అదే రాయొచ్చుగా!"

నవ్వేశాడు గానీ లోపల చివుక్కుమంది. ఇంకొక్కటి రాస్తాను, అదీ అర్జీలాగే ఉందంటే ఇక కథల జోలికి పోను అనుకున్నాడు.

మర్నాడు ఒక పెద్దావిడ వచ్చింది. భర్త పోయాడు, కరెంటు మీటరు తన పేరు మీదికి మార్పించుకోవాలి. ఇంతే పని. ఆవిడ మాత్రం ఫ్యాను దగ్గర మొదలుపెట్టింది.

"బిల్లు ఎక్కువొస్తుందని, మధ్యాహ్నం నాకు కునుకు పట్టగానే ఫ్యాను ఆపేసేవారు నాయనా. ఆపేసి, పక్కన కూర్చుని అట్టముక్కతో విసిరేవారు. ఫ్యాను ఆగగానే నాకు మెలకువొచ్చేసేదని ఆయనకి తెలీదు."

"విషయానికి..." అనబోయి ఆగాడు. ఇన్నేళ్లూ తను కొట్టేస్తూ వచ్చింది ఇదన్నమాట! అర్జీకి పనికిరాదని ఇక్కడ పారబోసి, ఇంటికెళ్లి ఒట్టి చేతుల్తో కథ రాయడానికి కూర్చుంటున్నాడు.

"అమ్మా, ఇది కథగా రాసుకోనా? మీ పేరు పెట్టన్లెండి."

"రాసుకో నాయనా. అర్జీలో మాత్రం పెట్టకు, లోపలున్నవాళ్లు నవ్వుతారు."

పదకొండు రోజులు రాశాడు. ఆదివారం పొద్దున భార్య బట్టలు మడతపెడుతుంటే చదివి వినిపించాడు.

"తెలిసీ కళ్లు మూసుకుని పడుకుందా? పాపం ఆయన చెయ్యి లాగదూ? ఒక్కమాట చెప్పొద్దూ!" ఆవిడకి నిజంగానే కోపమొచ్చింది, కాగితం మీది మనిషి మీద.

"చెబితే ఇంక విసరడేమోనని భయం."

ఆవిడ చేతిలో తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

"ఇది అర్జీ కాదండీ," అంది. ఆయనకి ఊపిరొచ్చింది. "కానీ ఆ చివరి పేరా ఏంటి? 'కావున దంపతులెల్లరూ అన్యోన్యముగా మెలగవలెను'... కింద సంతకం పెట్టడమొక్కటే తక్కువ!"

ఆ పేరా కోసం నాలుగు రోజులు నానా చావూ చచ్చాడు. అయినా కలం తీసి అడ్డంగా గీత కొట్టేశాడు.

"మరి ఎక్కడ ఆపమంటావే?"

"నాకేం తెలుసు? రాసేది మీరు." అంటూనే బట్టలు పక్కకి జరిపి, ఆయన కూర్చోడానికి చోటు చేసింది. "ముందు మొదట్నుంచి చదవండి, చూద్దాం."