పడుగు చుట్టేదాకా

తమిళనాడు గుడియాత్తంలో మా నేతగాళ్ల వీధికి ఒక కట్టుబాటు ఉంది. లుంగీకి నిలువుగా వచ్చే దారాలను, అంటే పడుగును, పొద్దున్నే వీధి పొడవునా సాగదీసి కట్టి గంజి పట్టిస్తాం. అటూ ఇటూ మనుషులు నిలబడి కుంచెతో దువ్వుకుంటూ పోవాలి. మధ్యలో చెయ్యి ఆగితే గంజి ఎండి దారాలు అతుక్కుపోతాయి. అప్పటిదాకా చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకని పడుగు వీధిలో ఉన్నంతసేపు చావుకబురు ఎవరికీ చెప్పరు. చుట్టి లోపల పెట్టాకే చెబుతారు. మా తాత పోయినప్పుడు మా నాన్నకు అలాగే చెప్పారట. ఆ సంగతి ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. నేనూ గొప్పే అనుకుంటూ పెరిగాను.

మా తమ్ముడు ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్. బెంగళూరులో కొత్తగా మార్పులు చేసిన యుద్ధవిమానాలను మొదట ఎగరేసి చూసే పని వాడిది. అందులో ఎంత ప్రమాదం ఉందో నాకు తెలుసు. అమ్మకు మాత్రం తెలియనివ్వలేదు. "కొత్త మగ్గం బిగిస్తే మనం ఒకసారి తొక్కి చూడమా, అట్లాంటిదేమ్మా" అన్నాడు వాడు. నేను పక్కనే ఉండి అవునన్నాను. అమ్మ నమ్మింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఆ రోజు మబ్బు పట్టి ఉండటంతో పడుగు ఆలస్యంగా కట్టాం. సగం పని అయ్యేసరికి నా ఫోన్ మోగింది. తమ్ముడితో పనిచేసే ఆయన. తమిళంలో, మెల్లగా మాట్లాడాడు. విమానం పైకి లేచిన కాసేపటికే ఊరి బయట పొలాల్లో పడిపోయిందట. మావాడికి బయటికి దూకే వ్యవధి దొరకలేదట. "అమ్మకు మీరే చెప్పండి, టీవీలో రాకముందే చెప్పండి" అన్నాడు.

ఫోన్ జేబులో వేసుకున్నాను. కుడిచేతిలో కుంచె అలాగే ఉంది. అమ్మ నాకు ఎదురుగా, పడుగుకు అవతలి పక్క, తెగిన దారాలు ముడివేస్తోంది.

"ఎవురప్పా ఫోన్‌లో?" అంది తలెత్తకుండానే.

"నూలు షాపాయన" అన్నాను.

కుంచె మళ్లీ కదిలించాను. చుట్టేయడానికి ఇంకో గంట పడుతుంది. చుట్టాక చెబుదాం అనుకున్నాను. వీధి అంతా అదే చేసేది, మా నాన్న అయినా అదే చేసేవాడు అని నాకు నేనే చెప్పుకున్నాను.

పక్కింటి మామ కూడా మాతోపాటు గంజి పట్టిస్తున్నాడు. ఆయన నోరు ఊరుకోదు. "ఏం చెల్లే, చిన్నోడికి పిల్లను చూస్తా ఉండావంట? ఆకాశంలో తిరిగేవాడికి యాడ దొరుకుతాదే పిల్ల?" అన్నాడు.

"యాడికో పోయి ఎతకాల్నా అన్నా? నా కొడుకు కాట్పాడిలో రైలు దిగితే చాలు, పిల్లలే లైన్లో నిలబడతారు" అంది అమ్మ. అని, దారం వదిలేసి, నోరారా నవ్వింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఇంకో నాలుగు బారలు మిగిలి ఉండగా ఎదురింటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చింది. "అక్కా... టీవీలో మన చిన్నోడి ఫోటో ఏస్తా ఉండారు" అంది.

అమ్మ ఆవిడ వంక చూడలేదు. నా వంక చూసింది. నా ముఖంలో ఆశ్చర్యం లేదు, అది ఆమెకు కనిపించింది.

"నీకు తెలుసునా?"

నేను తల ఊపాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పడుగుకు కాలు తగలనివ్వని మనిషి, దారాలను పటపటా తెంచుకుంటూ మధ్యలో నుంచి నడిచి ఎదురింట్లోకి వెళ్లింది. తెగిన చోట పడుగు నేలకు జారింది. ఎవరూ ముట్టుకోలేదు. మధ్యాహ్నానికి అది అట్టలా బిగుసుకుపోయింది.

మర్నాడు పెట్టె వచ్చింది, జెండా కప్పి. వెంట వచ్చిన ఆఫీసర్లు నన్ను పక్కకు పిలిచి, తెరవొద్దని చెప్పారు. అమ్మ తెరవమని అడగలేదు. కడసారి బిడ్డ నోట్లో వేయాల్సిన బియ్యాన్ని మూత మీదే వేసింది. మూడు పిడికిళ్లు. గింజలు జారి కింద పడుతుంటే ఏరి మళ్లీ మూత మీద పెట్టింది.

ఆ తర్వాత నెలల తరబడి నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం అన్నం పెడుతుంటే నేనే కదిపాను. "పడుగు చెడిపోతాదని కాదమ్మా. ఇంకో గంటన్నా నువ్వు బాగుంటావని చెప్పలే" అన్నాను. అదీ పూర్తిగా నిజం కాదు. నాకు ధైర్యం చాలలేదు. దాక్కోవడానికి కట్టుబాటు దొరికింది.

అమ్మ గరిటె గిన్నెలో పెట్టింది.

"పడుగు పోతే పోయింది నాయనా, దాన్ని నేను అడగతానా? నా బిడ్డ ఆడ కాలిపోయినంక, ఈడ నేను వాడి పెండ్లి మాట చెప్పి నవ్వినా. పండ్లన్నీ కనపడేటట్టు నవ్వినా. నువ్వు ఎదురుగా నిలబడి నన్ను నవ్వనిచ్చినావు."

నేను అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు.