మా ఇంట్లో ఇంగ్లీషు మాత్రమే

ఒక్క ఇంటర్వ్యూలో నేను నా నాలుగేళ్ల కూతురిని కూడా వెంటబెట్టుకుని ఎలా మునిగానో చెబుతాను. నవ్వండి, ఏమీ అనుకోను. నాకు మాత్రం ఇంకా నవ్వు రావడం లేదు.

మేముండే తమిళ ఊళ్లో, లాస్‌పేటలోని ఒక పేరున్న ఇంగ్లీషు బడిలో సీటు ఇవ్వాలంటే తల్లి ఇంగ్లీషు కూడా చూస్తారని మా వీధిలో చెప్పుకునేవారు. నాది కాలేజీలో వ్యాకరణ పుస్తకం చదివి తెచ్చుకున్న ఇంగ్లీషు. గంజి పెట్టిన చొక్కాలా నిటారుగా నిలబడుతుంది గానీ వంగదు. ఫోన్లో పాఠాలు చెప్పే అమ్మాయి, "అలా ఇప్పుడెవరూ మాట్లాడరు డియర్!" అని దాన్ని ఒక్క మాటతో తీసిపారేసింది. వెంటనే పుస్తకం అటకెక్కించి, 'చిల్', 'కూల్', 'నో వర్రీస్' అంటూ గిన్నెలు తోముతూ వల్లెవేశాను.

అక్కడితో ఆగితే బాగుండేది. ఇంట్లో చట్టం కూడా చేశాను. "నిత్యా, ఇంగ్లీషులో వస్తే మాట్లాడు. రాకపోతే నోరు మూసుకో."

తమిళం కలిసిన తెలుగు తప్ప మరొకటి రాని మా అత్త నివ్వెరపోయింది.

"ఏందిమే ఇది? బిడ్డకి ఆకలైతే యాడికి పోయి చెప్పుకునేది?"

"సీటు వచ్చేదాకానే అత్తా."

"అందాకా నేను కోతిమాదిరి సైగలు చెయ్యాల్నా?"

"చెయ్యండి" అన్నాను.

చేసింది. నిత్య ఎంత త్వరగా నేర్చుకుందనుకున్నారు! ఇంగ్లీషు కాదు, సైగలు. పొట్ట తడితే ఇడ్లీ, నోటి దగ్గర బొటనవేలు పెడితే నీళ్లు. పిల్ల బుద్ధిమంతురాలైపోతోందని నేను మురిసిపోయాను. ఆ మురిపెం తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇంటర్వ్యూలో పెద్ద టీచరమ్మ ఇంగ్లీషులో పేరడిగింది. నిత్య పెదవులు బిగించింది. తమిళంలో అడిగింది. నిత్య తల దించుకుంది. దరఖాస్తులో మాతృభాష చూసి, వచ్చీరాని తెలుగులో "నీ పేరేంది కన్నా?" అంది. నిత్య నా వైపు భయంగా చూసి, బొటనవేలు నోటి దగ్గర పెట్టింది.

ఆవిడ గొంతు తగ్గించి ఇంగ్లీషులో నన్నడిగింది. "పాపకు ఎప్పటినుంచి ఇలా ఉందమ్మా?"

నేర్చిన వ్యాకరణమంతా ఆవిరైపోయింది. నోట్లోంచి ఫోన్ అమ్మాయి ఊడిపడింది.

"నో వర్రీస్ మేడమ్! షీ ఈజ్ జస్ట్ చిల్!"

మాట రాని బిడ్డను పక్కన పెట్టుకుని ఇంత హుషారుగా ఉన్న తల్లిని ఆవిడ బహుశా అంతకుముందు చూసి ఉండదు.

"దాచకమ్మా. మంచి డాక్టరుకు చూపించు."

"అయ్యో మేడమ్, ఇది ఇంట్లో తెగ వాగేది!"

"ప్రతి తల్లీ అదే చెబుతుంది" అని ఆవిడ నా చెయ్యి తట్టి, తర్వాతి వాళ్లను పిలిచింది.

గేటు దాటాక నిత్య నా కొంగు లాగింది. అటూ ఇటూ చూసి, దొంగతనం చేస్తున్నట్టు గుసగుసగా అడిగింది. "అమ్మా, ఇంక అవ్వతో మాట్లాడొచ్చునా?"

నడిరోడ్డు మీద ఏడ్చాను, ఏ భాషలోనో తెలియదు.

వచ్చే ఏడు వేరే బడికి వెళ్లాలి. సకల జనుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను: లోపలికి అవ్వా మనవరాలూ వెళతారు. నేను బయట వాళ్ల చెప్పులకు కాపలా ఉంటాను.