రెండోసారి దించిన స్ట్రెచర్

పొందూరు దగ్గర పల్లెలో పుట్టిన సత్యానందం ఇరవై రెండేళ్లు వచ్చేదాకా మంచు చూడలేదు. తండ్రి కూలి పని చేసేవాడు, బాప్టిస్టు చర్చిలో డీకను, చర్చి పెద్దల్లో ఒకడు. ఆ చుట్టుపక్కల కుర్రాళ్లు చాలామందిలాగే సత్యానందం ఆర్మీలో చేరాడు. హిమాలయాల్లో డ్యూటీ పడినప్పుడు స్కీయింగ్ నేర్పించారు. మొదటి వారమంతా పడటమే పని. రెండేళ్లు తిరిగేసరికి కొత్త జవాన్లకు తనే నేర్పుతున్నాడు.

సర్వీసు అయిపోయాక అక్కడే ఒక కొండ పట్నంలో స్కీయింగ్ వాలును చూసుకునే పని దొరికింది. ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఊళ్లో. భార్య కృపారాణి అంగన్‌వాడీ టీచరు. "ఆ కొండని కట్టుకున్నాడు, నన్ను కాదు" అని నవ్వేది. తర్వాత బొబ్బిలి వైపు నుంచి తిరుమలరావు అనే మాజీ జవానును కూడా అక్కడ పనిలో పెట్టించాడు. బంధుత్వం లేకపోయినా అతను సత్యానందాన్ని బావా అనే పిలిచేవాడు.

ఆ పట్నం క్రీడా సంఘం ఆసియా దేశాల స్కీ పోటీలు తమ దగ్గరే జరపాలని దరఖాస్తు పెట్టింది. మరో మూడు దేశాల ఊళ్లు కూడా పెట్టాయి. పోటీలు నడిపే ఆసియా సమాఖ్య నుంచి ముగ్గురు పరిశీలకులు ప్రతి ఊరికీ వచ్చి వాలు కొలుస్తారు, మంచు లోతు చూస్తారు, హోటళ్లలో గదులు చూస్తారు. గాయపడ్డ ఆటగాణ్ణి ముప్పై నిమిషాల్లో ఆస్పత్రికి చేర్చగలరో లేదో చేసి చూపమంటారు. వాళ్ల నివేదిక చదివి సభ్య దేశాలవాళ్లు ఓట్లేస్తారు.

గాయపడ్డవాడిగా పడుకోమని సత్యానందాన్ని పిలిచారు. బక్కపలచటి మనిషి, దించడం సులువని. మంచు మీద జారే స్ట్రెచర్‌కు అతన్ని పట్టీలతో కట్టేశారు. ముందు పిడులు పట్టుకున్నది తిరుమలరావు. పోటీలు వస్తే అతని ఉద్యోగం పర్మనెంటు చేస్తామని సంఘం కార్యదర్శి మాటిచ్చి ఉన్నాడు.

వాలు మధ్యలో ఒకచోట మంచు చాలదని సత్యానందం ముందురోజే చెప్పాడు. పైనుంచి మంచు తెచ్చి పరిచారు గానీ అడుగున రాయి అలాగే ఉంది. స్ట్రెచర్ దానికి తగిలి బోల్తాపడింది. కట్టేసి ఉన్న మనిషి నడుము రాతి అంచుకు కొట్టుకుంది.

"తిరుమలా, నడుం ఇరిగిపోనాది. కాళ్లు తెలీడం నేదు. నన్ను కదపకు."

పరిశీలకుల్లో ఒకామె స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడి ఉంది. ఏమంటున్నాడని అడిగింది. నొప్పిలో సత్యానందం నోటికి తెలుగు తప్ప రాలేదు, అక్కడ తెలుగు తెలిసినవాడు తిరుమలరావు ఒక్కడే.

"యాక్టింగ్ మేడమ్" అన్నాడతను హిందీలో.

కార్యదర్శి దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె మెచ్చుకోలుగా తలూపింది.

కింద అంబులెన్సు ఎక్కించి ఆస్పత్రి గుమ్మం చేర్చేసరికి నలభై ఒక్క నిమిషాలైంది. కావాలంటే ఇంకోసారి చూపించవచ్చని ఆమె అంది. కార్యదర్శి వెంటనే ఒప్పుకున్నాడు. సత్యానందాన్ని గుమ్మం నుంచే వెనక్కి తెచ్చి, అదే స్ట్రెచర్ మీద రోప్‌వేలో మళ్లీ కొండెక్కించారు. దారంతా అతను ఏడుస్తూ బతిమాలాడు. అదీ నటనే అనుకున్నారు మిగతావాళ్లు. తిరుమలరావు వదులైన పట్టీలు బిగించాడు.

"ఒక్కపాలి ఓర్సుకో బావా. బేగి అయిపోతాది."

రెండోసారి ఇరవై నాలుగు నిమిషాలే పట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆస్పత్రిలో డాక్టర్లు ఆ ఒక్కరోజుకని పెద్ద ఊరి నుంచి వచ్చినవాళ్లు. పరిశీలకులు వెళ్లాక వాళ్లూ జీపెక్కబోయారు. ఒకాయనకు అనుమానమొచ్చి సత్యానందం అరికాల్లో సూదితో గుచ్చాడు. కాలు కదల్లేదు. మొదటి దెబ్బకు వెన్నుపూస చిట్లిందనీ, కదపకుండా ఉంచితే కాళ్లు దక్కేవేమోననీ తర్వాత చెప్పారు.

ఆ ఏడు ఓట్లు వేరే ఊరికి పడ్డాయి. ఆ పట్నానికి వచ్చిన నివేదికలో మాత్రం క్షతగాత్రుల తరలింపుకు అందరికంటే ఎక్కువ మార్కులున్నాయి.

ఏడాదిన్నర తర్వాత తిరుమలరావు పొందూరు దగ్గర ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కృపారాణి కుర్చీ వెయ్యలేదు. మంచం మీంచి సత్యానందం ఒకటే అడిగాడు.

"ఆ రోజు నాను సెప్పింది నీకు ఇనపడ్డాదా, నేదా?"

"ఇనపడ్డాది బావా."

"మరేటికి ఆల్లకి సెప్పలేదు?"

"సెప్తే ఆపేద్దురు. నా ఉజ్జోగం పోయీది."

అని జేబులోంచి కాగితం తీశాడు. సంఘం మళ్లీ దరఖాస్తు పెడుతోంది. గత మూడేళ్లలో వాలు మీద పెద్ద ప్రమాదం జరిగిందా అని ఫారంలో ఒక ప్రశ్న ఉంది. సత్యానందం సొంత పెరట్లో జారిపడ్డాడని ఆ కాగితంలో రాసి ఉంది. సంతకం పెట్టడమే తరువాయి.

"ఎట్టకపోతే?"

తిరుమలరావు నేలచూపులు చూశాడు. "తాగి డూటీకొచ్చి పడిపోనాడని రాస్తారట. సాక్ష్యం నన్నే సెప్పమన్నారు."

"సెప్తావా?"

అతను కాగితాన్ని మంచం మీద పెట్టాడు.

సత్యానందం జన్మలో చుక్క ముట్టలేదు. ఆ మాట ఊళ్లోకి వస్తే చర్చిలో తండ్రి పేరు ఏమవుతుందో అతనికి తెలుసు. పెన్ను ఇమ్మని కృపారాణిని అడిగాడు. ఆమె కదల్లేదు. తిరుమలరావే తన పెన్ను తీసి ఇచ్చాడు. సంతకం అయ్యాక, వెంట తెచ్చిన సత్యానందం పాత జీతం రసీదు మీది సంతకంతో కలిసిందో లేదో పక్కపక్కన పెట్టి చూసుకుని వెళ్లాడు.

ఈసారి పోటీలు ఆ పట్నానికే వచ్చాయి. ఓటింగే జరగలేదు. తర్వాతి పోటీలకు తమకు మద్దతివ్వాలని మాట తీసుకుని మిగతా ఊళ్లు తప్పుకున్నాయి. పరిశీలకుల నివేదిక ఎవరూ తెరవలేదట. తిరుమలరావు ఉద్యోగం పర్మనెంటయింది. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేస్తే కృపారాణి ఎత్తింది.

"బావకి ఒకపాలి ఇయ్యమ్మా" అన్నాడు.

ఆమె ఫోన్‌ను సత్యానందం చెవి దగ్గర పెట్టింది. అతను అంతా విన్నాడు.

"సంతోషం రా" అన్నాడు.

ఆమె ఫోన్ తీసేసి, వీపు మీది పుండుకు మందు రాయడానికి అతన్ని పక్కకు తిప్పింది.