తేమను రాయని నివేదిక

పదవీ విరమణకు రెండేళ్లు మిగిలి ఉండగా, ఒక జూన్ నెలలో, కర్నూలులో నేను పనిచేసే ఇంజనీరింగ్ కళాశాల నాకు ఒక పరిశోధన ప్రాజెక్టు అప్పగించింది. సేంద్రియ ట్రాన్సిస్టర్లు తయారుచేయాలి. మామూలు ట్రాన్సిస్టర్‌కు సిలికాన్, పెద్ద కర్మాగారం కావాలి. వీటికైతే కార్బన్ పదార్థాన్ని ద్రావకంలో కరిగించి, గాజు పలక మీద చుక్క వేసి గిర్రున తిప్పితే చాలు, పలుచని పొరగా పరుచుకుంటుంది. దాని కింద కరెంటును పోనివ్వని ఇన్సులేటర్ పొర ఒకటి ఉంటుంది. మూడు వోల్టుల లోపే, అంటే చిన్న బ్యాటరీతోనే, పనిచేయాలన్నది షరతు.

ప్రయోగశాలలో పనంతా మాధవిది. కోయిలకుంట్ల అమ్మాయి, నా దగ్గర పీహెచ్‌డీ చేస్తుండేది. ఆగస్టులో ఆమె చేసిన పలకలు రెండు వోల్టులకే పనిచేశాయి. నేను వెంటనే నివేదిక మొదలుపెట్టాను.

వారం తర్వాత ఆమె రీడింగులు రాసిన కాగితం తెచ్చింది.

“సార్, వాన పడిన దినాలే ఇవి పనిచేస్తాండాయి. బాగా ఆరబెట్టి చూస్తే ఒక్కటీ పనిచేయలే. ఇన్సులేటర్ పొర గాలిలో తేమ పీలుస్తాండాది. ఆ తేమ వల్లే తక్కువ వోల్టేజీ చాలుతాండాది.”

రీడింగుల్లో తప్పేమీ లేదు. ఆమె చెప్పింది నాకు అర్థమైంది కూడా. కానీ మొదటి నివేదిక ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. విరమణకు ముందు ఒక్క విజయమైనా నా పేరున ఉండాలనుకున్నాను. తర్వాత చూద్దాంలేమ్మా అన్నాను. నివేదికలో ఆ సంగతి రాయలేదు.

మార్చిలో సమీక్షా సంఘం వచ్చింది. ఎండలకు గాలి అప్పటికే పొడిబారింది. ముగ్గురు సభ్యుల ముందు పన్నెండు పలకలు పెట్టాం, రెండు వోల్టులకు ఒక్కటీ పనిచేయలేదు. తేమ ప్రభావాన్ని ముందే గమనించారా అని అధ్యక్షుడు అడిగారు. లేదన్నాను. మాధవి నా పక్కనే నిలబడి ఉంది. నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

ప్రాజెక్టు ఆగింది, దానితో ఆమె ఫెలోషిప్ కూడా. పీహెచ్‌డీ మధ్యలో వదిలేసి, కడపలో ఒక జూనియర్ కళాశాలలో ఫిజిక్స్ చెప్పడానికి వెళ్లిపోయింది.

విరమణ అయ్యాక వెళ్లి కలిశాను. తప్పు నాదేనని, సంఘానికి అలాగే రాస్తానని చెప్పాను.

“ఇప్పుడు రాసి ఏం సార్. ప్రయోగం పోయిందని బాధ లేదు, పోతానే ఉంటాయి. నేను చూపించింది చూడలేదంటిరే, అదే శానా దినాలు మనసులో ఉండిపోయింది” అంది. క్లాసుకు టైమైందని లేచింది.

సంఘానికి రాశాను. అందిందని మాత్రం జవాబు వచ్చింది.

మా ప్రాజెక్టులో నిజంగా కనుక్కున్నది ఆమె ఒక్కతే. ఆ తేమ సంగతి నివేదిక మొదట్లోనే ఉండి ఉంటే పని ఆగేది కాదు, దారి మారేది. అనుకూలించని కొలతను పక్కన పెట్టే హక్కు ప్రాజెక్టు నాయకుడికి లేదు. కొలిచిన మనిషి పేరుతో సహా దాన్నే ముందు రాయాలి.