వాకీటాకీలో విన్న బస్సు వార్త

ఎనభైల్లో నేను నరసరావుపేటలో పత్రికా విలేఖరిని. ఒక ఉదయం మా ఆవిడను గురజాల బస్సెక్కించి, సిమెంటు ఫ్యాక్టరీల వాకీటాకీలు బాగుచేసే మస్తాన్ షాపులో కూర్చున్నాను. అతను సిగ్నల్ కొలిచే మీటరు పెట్టి ఒక సెట్టును పరీక్షిస్తున్నాడు. అందులోంచి ఎవరిదో గొంతు వినిపించింది.

"గురజాల బస్సును సిమెంటు లారీ ఢీకొంది. ముగ్గురు మహిళలు మృతి చెందారు."

ఏడుపు రాలేదు. లేచి చెప్పులు వెతుక్కున్నాను.

"యాడికన్నా?" అన్నాడు మస్తాన్, మీటరు ముల్లునే చూస్తూ.

"మీ వదిన ఆ బస్సులోనే ఉంది."

"ఏ బస్సు? మావోడు మేడ మీద రెండో సెట్టు పట్టుకుని పాత పేపరు చదవతన్నాడు. ఆపకుండా ఏదోటి చదివితేనేగా ముల్లు నిలబడేది. నిరుడు నువ్వు రాసిందే అది."

మళ్లీ కూర్చున్నాను. నేను రాసిన వాక్యాలనే నేను గుర్తుపట్టలేదు. మనవాళ్లున్న బస్సయితే అవే మాటలు వేరేగా వినిపిస్తాయి.