ఎముకకు మెడ

సుందరరాజ్ మామను తిరుత్తణిలో పాతిపెట్టి వచ్చిన మరునాడు, ఆయన చొక్కాలు ఎవరికిద్దామని అమ్మ అడిగింది. మామ అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉన్నాడు. ప్రతి చొక్కాకూ కుడి భుజం దగ్గర గుడ్డ పలచబడి ఉంది. లేవలేనివాళ్ళంతా పట్టుకుని లేచిన భుజం అది. ఇవ్వదగ్గ చొక్కా ఒకటీ దొరకలేదు.

తిరువళ్ళూరులో ఒక చిన్న ఆసుపత్రిలో, ఎముకలు విరిగినవాళ్ళ వార్డులో మామకు పని. రోగిని ఎత్తడం, పక్కకు తిప్పడం, ఎక్స్‌రే గదికి తోసుకుపోవడం. ఇవిగాక ఎవరూ అప్పగించని పని ఇంకొకటి ఉండేది. డాక్టరు కేశవన్ మలయాళీ. తమిళం ఒకమాదిరిగా మాట్లాడేవాడు, తెలుగు రాదు. ఆంధ్ర సరిహద్దున ఉండే ఊత్తుకోట దిక్కునుంచి వచ్చే ముసలివాళ్ళకు తమిళం వచ్చినా, నొప్పి మొదలైతే నోట తెలుగే వచ్చేది. డాక్టరు నోటికీ వాళ్ళ చెవులకూ మధ్య మామ నిలబడేవాడు.

ఇంగ్లీషు పేర్లు విని విని నేర్చుకున్నాడు. నేను తిరువళ్ళూరు బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి పొద్దున తిరుత్తణినుంచి ఇద్దరం ఒకే రైల్లో పోయేవాళ్ళం. సీటు దొరికితే మామ తన ఒంటినే తడిమి చూపించేవాడు.

“ఇది హ్యూమరస్. ఇది స్కాపులా. మోకాటి చిప్ప పటెల్లా. ఎవురో పటేలు పెండ్లాం మాదిరి లేదూ, అల్లుడా?”

సాయంత్రం రైల్లో మాత్రం ఏ పేరూ చెప్పేవాడు కాదు. కిటికీకి తల ఆనించి, అరక్కోణం దాటక ముందే నిద్రపోయేవాడు.

డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో కుప్పమ్మ అనే ముసలామెను కొడుకు ధనకోటి ఆసుపత్రికి తెచ్చినాడు. ఊత్తుకోట అవతల పల్లె, సేద్యం చేసుకునేవాళ్ళు. వేరుశనగ కళ్ళంలో జారి పడింది. కాలు కదిలిస్తే అరుస్తోంది. కేశవన్ ఎక్స్‌రే చూసి, మామతో తన కలగాపులగపు తమిళంలో చెప్పినాడు: ఫీమర్ నెక్ విరిగింది, ఆపరేషన్ చేసి మేకు వెయ్యాలి, లేకపోతే ఈమె ఇక నడవదు, అర్థమయ్యేటట్టు చెప్పు. చెప్పి వేరే రోగి దగ్గరికి వెళ్ళిపోయినాడు.

ఫీమర్ అంటే తొడ ఎముక అని మామకు తెలుసు. నెక్ అంటే మెడ అనీ తెలుసు. రెండూ తెలిసినందువల్లే పొరపాటు జరిగింది.

“తొడ ఎముకా, మెడా, రెండూ విరిగినాయంట. కోసి మేకు కొట్టాలంట,” అన్నాడు.

ధనకోటి మంచం మీద ఉన్న తల్లిని చూపించినాడు.

“మెడా? ఇంతసేపూ అట్టా ఇట్టా మెడ తిప్పి నన్ను తిడతానే ఉంది కదన్నా!”

“మెడకు మేకా?” కుప్పమ్మ ఆ నొప్పిలోనే తల పైకెత్తింది. “నేనేమన్నా తలుపునా నాయనా, మేకులు కొట్టేదానికి? ఒరే ధనకోటీ, ఈళ్ళకు కాలేదో మెడేదో తెలీదు. ఇంటికి పదరా.”

మామ బతిమాలినాడు. ధనకోటి వినలేదు. తల్లిని మంచం మీది దుప్పటితో సహా ఎత్తి బండెక్కించినాడు.

మధ్యాహ్నం కేశవన్ ఖాళీ మంచం చూసి అడిగినాడు. మామ జరిగింది చెప్పినాడు. డాక్టరు కోప్పడలేదు. పొద్దున్నుంచీ నిలబడి ఉన్న మనిషి, ఆ మంచం మీదే కూలబడి, ఎడమ అరచేతిలో కుడి పిడికిలి పెట్టి తిప్పినాడు. పిడికిలి తల. దాని కింద సన్నంగా ఉండే మణికట్టు మెడ. తొడ ఎముక తలకు మెడ అది. “ఎముకకు మెడ ఉంటుంది, సుందర్,” అన్నాడు. అంతే.

ఆ వారమంతా పొద్దున రైల్లో కూడా మామ ఏ ఎముక పేరూ చెప్పలేదు. నాతో ఒకే మాట అన్నాడు: “ఆయమ్మ ఇంక నడవదు అల్లుడా. నా నోటివల్ల నడవదు.”

ఆదివారం చర్చికి రాకుండా ఊత్తుకోట బస్సెక్కినాడు. నన్నూ రమ్మన్నాడు. కుప్పమ్మ వసారాలో నులకమంచం మీద ఉంది. పుత్తూరు పోయి నాటువైద్యుల దగ్గర కట్టు కట్టించాలనుకున్నారంట, కానీ ఆమెను బస్సులో కూర్చోబెట్టడం కుదరలేదు. దెబ్బ తగిలిన కాలి పాదం పూర్తిగా బయటికి తిరిగిపోయి ఉంది.

ధనకోటి వసారా మెట్టు మీదే అడ్డం నిలబడినాడు. “ఏం మెడన్నా, ఈసారి ఏం విరిగిందని చెప్పను వచ్చినావు? ముక్కా?”

మామ చెప్పులు విడిచి, అతని పక్కనుంచి దాటి పోయి మంచం దగ్గర కూర్చున్నాడు. పిడికిలి అరచేతిలో పెట్టి తిప్పినాడు. మణికట్టు చూపించినాడు. తర్వాత లేచి నిలబడి, తన తొడ నడుముతో కలిసే చోట చెయ్యి పెట్టుకుని నొక్కినాడు.

“ఇక్కడమ్మా. ఈ ఎముకకు తలుంది, దాని కింద మెడుంది. ఆ మెడ విరిగింది. నీ మెడ కాదు.”

“ఎముకకు తలా?” అంది కుప్పమ్మ. “మరి నోరు?”

“లేదమ్మా.”

“మేలు. నీకుండేదే చాలు.” మంచం పక్కనుంచే చెయ్యి చాపి, మామ నొక్కుకున్న చోటును వేలితో పొడిచింది. “ఓరి నాయనా, ఇది తుంటి రా! తుంటి విరిగిందని ఒక్క మాట చెప్పుంటే నేను యాడికి పోతాను?”

మామకు ఆ మాట లేదు. నాకూ లేదు. మా ఇళ్ళలో నడుమైనా, దాని కిందిదైనా, తమిళంలో మాదిరి ఇడుప్పే. హ్యూమరస్, స్కాపులా నేర్చుకున్న మనిషి దగ్గర తుంటి లేకుండా పోయింది.

కుప్పమ్మ తిరిగి ఆసుపత్రికి వచ్చింది. మేకు వేసినారు. ఆలస్యం కావడంతో ఎముక కొంచెం పైకి జరిగి కుదురుకుంది. కాలు పొట్టిదయింది, కర్ర పట్టుకుని నడిచింది. నడిచింది, అంతమటుకు మామ ఊపిరి పీల్చుకున్నాడు. చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా వార్డు గుమ్మంలోనుంచే కేక వేసేది: “మెడబ్బోడు యాడ?”

ఆ తర్వాత మామ ఎవరికీ ఉత్త మాటతో చెప్పలేదు. డాక్టరు ఏ పేరు చెప్పినా, ముందు తన ఒంటిమీద ఆ చోట చెయ్యి పెట్టుకునేవాడు. రోగి తన ఒంటిమీద అదే చోట చెయ్యి పెట్టుకునేదాకా ఆగేవాడు. అప్పుడే మిగతాది. దీనివల్ల పని రెట్టింపయింది. రైలు తప్పిపోయేది. తరువాతి బండికి వచ్చి, అన్నం ముందు కూర్చునే కునికేవాడు.

ఎనభై ఆరులో ఆయనకు నడుము నొప్పి మొదలైంది. మనుషుల్ని ఎత్తి ఎత్తి వచ్చిన నొప్పే అనుకున్నాం. తగ్గకపోతే మద్రాసు తీసుకుపోయినాను. అక్కడి డాక్టరు నన్ను మాత్రం గదిలోకి పిలిచి, వెన్నుపూసల పేర్లు చెప్పి, రోగం వేరే చోట పుట్టి అక్కడికి పాకిందని ఇంగ్లీషులో చెప్పినాడు.

బయట బెంచీ మీద మామ కూర్చుని ఉన్నాడు. “ఏమన్నాడు అల్లుడా?”

వర్టిబ్రా అంటే ఆయనకు తెలుసు. తెలుగు మాట నాకూ తెలుసు. అయినా చెయ్యి వెనక్కి తిప్పి నా నడుము మీద పెట్టుకున్నాను.

మామ నా చేతిని చూసినాడు. తర్వాత తన చెయ్యి తన నడుము మీద పెట్టుకుని, నేను చెప్పబోయే మిగతాదాని కోసం ఆగినాడు.